రొంటిన కట్టిన మట్టి

పసిపిల్లలు దేవుళ్ళతో సమానమనేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతాను. మీరెప్పుడైనా ఒక దేవుడికి ముక్కు తుడిచారా? తుడిచిన చెయ్యి కడుక్కునేలోగా ఆ దేవుడు మిగిలిన చీమిడి తెచ్చి మీ కుచ్చెళ్ళకి రాశాడా? ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. వాళ్ళ చేతికి పిల్ల అందేసరికే ఎవరో ఒక ఆడది దానికి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, ఉతికిన చొక్కా తొడిగి ఉంటుంది. కంపు తగలగానే "ఇదిగో, తీసుకో" అని తిరిగి ఇచ్చేస్తారు. అంతసేపు ఎవరైనా దేవుడే.

నాకు పిల్లలు లేరు. పదకొండో ఏట పెళ్ళి, పన్నెండో ఏట వైధవ్యం. ఆ తరవాత మా నాన్న చుట్టాలందరితోనూ పోట్లాడి నన్ను చదివించాడు. రాజమండ్రిలో మెట్రిక్, మద్రాసులో ఎఫ్.ఏ. అంత చదువుతో ఏం చేశావని ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి నా దగ్గర గొప్ప పనులేమీ లేవు. ఉన్నవాటిలో ఒకటి ఇది: ఫిజీలో రెండున్నరేళ్ళ కూలీపిల్ల ఒకత్తి చేత మట్టి తినడం మానిపించాను. మానిపించిన పద్ధతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పదగినది కాదు కనక.

మా తమ్ముడు వాయిలేవు దగ్గర ఒక చెరుకు ఎస్టేటు ఆస్పత్రిలో కాంపౌండరుగా కుదిరాడు. వాడికి వండిపెట్టే వాళ్ళు లేరని నేనూ ఓడెక్కాను. మేము ఒప్పందం మీద వచ్చినవాళ్ళం కాము. కింద లైన్లలో, అంటే కూలీల వరస గదుల్లో, ఉండేవాళ్ళంతా ఐదేళ్ళ ఒప్పందం మీద వచ్చినవాళ్ళే. దాన్ని గిర్మిట్ అనేవారు. రోజూ ఇంత మేర కలుపు తియ్యాలి, ఇంత చెరుకు కొట్టాలి అని కొలిచి ఇచ్చే పని టాస్కు. అది పూర్తికాకపోతే, పూర్తిచేసే ఓపిక లేక పనికి రాకపోతే, లబాసాలో కోర్టు. ఆ కోర్టుకి మూడోసారి వెళ్ళిన మనిషి సాధారణంగా తిరిగి లైన్లకి రాడు, జైలుకి పోతాడు. ఆడదైనా అంతే.

తల్లులు పొలాలకి పోయినప్పుడు చంటిపిల్లల్ని ఉంచడానికి లైన్ల చివర ఒక రేకుల కొట్టు ఉండేది. దాన్ని చూసేది ఉత్తరాది ముసలావిడ. పాతికమంది పిల్లలు, ఒక ముసలావిడ, ఒక బెత్తం. ఆ బెత్తం లేకపోతే ఆ పాతికమందీ కలిసి ఆవిణ్ణి తినేసేవారని నా అభిప్రాయం.

ఒకరోజు పొద్దున్నే తమ్ముడికి చద్దన్నం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేసరికి వరండాలో గొడవ జరుగుతోంది. శ్రీకాకుళం వైపు మనిషి ఒకత్తి, పాతికేళ్ళు నిండి ఉండవు, కలుపు గ్యాంగులో పనిచేసేది, పిల్లని చంకనేసుకుని నిలబడింది. ఎదురుగా ముసలావిడ. మధ్యలో ఆ గ్యాంగు సర్దారు, నెల్లూరు వాడు, మనవాడే. మనవాడైనంత మాత్రాన మంచివాడు కావాలని ఎక్కడా లేదు.

ముసలావిడ ఒకటే మాట. "ఈ లడ్కీ మాటీ ఖావే. హమ్ నై రఖేగా." ఈ పిల్ల మట్టి తింటుంది, నేనుంచుకోను అని. అది కొట్టు వెనక గట్టు మీదనుంచి పిడికిలితో తెచ్చుకుని తినడమే కాకుండా పక్క పిల్లల నోళ్ళలో కూడా కుక్కుతోందట. ఒక్కొక్కరూ మొదలెడుతున్నారట. డాక్టరు వచ్చి చూస్తే తన ఉద్యోగం పోతుందట. ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు.

నేను అప్పుడే ఆ పిల్లని మొదటిసారి సరిగ్గా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. కాళ్ళు చేతులు పుల్లలు, మధ్యలో కుండలాంటి పొట్ట. జుట్టు తుప్పు రంగు. మొహం పాలిపోయి, పాతబడిన కాగితంలా ఉంది. ముక్కులోంచి రెండు పచ్చని వత్తులు పై పెదవి దాకా దిగి ఉన్నాయి. ఏదైనా అనదల్చుకున్నప్పుడు ముందు వాటిని నాలుకతో లోపలికి తీసుకుని, ఆ తరవాత మాట్లాడేది. పెదవుల చుట్టూ నల్లటి మట్టి చార. అదే మగపిల్లవాడైతే లైన్లలో ఆడవాళ్ళంతా చిన్ని కృష్ణుడని బుగ్గలు పుణికేవారు, నోరు తెరిపించి లోకాలు కనిపిస్తాయేమో చూసేవారు. ఆడపిల్ల కనక దరిద్రం అన్నారు, అంతే.

ఆ తల్లి అప్పటికి రెండుసార్లు కోర్టుకి వెళ్ళివచ్చింది. ముసలావిడ పిల్లని తీసుకోని రోజుల్లో దాన్ని పొలానికి తీసుకుపోయేది. పిల్ల చెరుకు సాళ్ళలో పడి పాకుతుంటే దాని వెంట ఇది పరిగెత్తేది. టాస్కు సగంలో ఆగేది. ఓవర్సీరు దొరని లైన్లలో కులంబరు అనేవారు. ఇంకొక్కసారి పని తప్పితే జైలేనని కులంబరు చెప్పేశాడని సర్దారు అందరికీ వినపడేలా చెప్పాడు. పిల్లని ఏం చేస్తావో నీ ఇష్టం అన్నాడు. ఆ మనిషి ఏడవలేదు. పిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

పిల్ల తండ్రి లేడా అంటే ఉన్నాడు. చెరుకు కోసే గ్యాంగులో ఉన్నాడు. వారానికోసారి పిల్ల ఒంటి మీద శుభ్రంగా ఉన్న చోటు ఎక్కడో వెతికి, అక్కడ ముద్దుపెట్టుకుని, తిరిగి ఇచ్చేసేవాడు.

నేను నోరు మూసుకుని చద్దన్నం ఇచ్చి వెళ్ళిపోవలసింది. కానీ సర్దారు మట్టి తినే పిల్లలు బాగుపడరని, అది పుట్టుకతో వచ్చే బుద్ధని అన్నాడు. తెలియని విషయం తెలిసినట్టు మాట్లాడే మగవాణ్ణి చూస్తే నాకు చిన్నప్పటినుంచీ ఆగదు. పుట్టుకతో వచ్చేది నీ బోటి వాళ్ళ మూర్ఖత్వమే గాని అలవాటు కాదని, అలవాటన్నది ఎంతటి మూఢుడైనా వారం రోజుల్లో మానిపించవచ్చని అన్నాను. హైజీన్ అనే శాస్త్రం ఒకటుందని కూడా అన్నాను. అక్కడికి ఆపినా బాగుండేది.

"అట్లయితే పంతులమ్మగారే మానిపించి చూపించండి" అన్నాడు సర్దారు. "వచ్చే బుధవారం డాక్టరు వస్తన్నాడు కదా. పిల్ల సరిగా ఉందని ఆయన అంటే ఈ ముసల్ది మారుమాటాడకుండా పెట్టుకుంటది. అనలేదనుకోండి, ఇంక మీ శాస్త్రం మాకు చెప్పబాకండి."

అది సోమవారం. తొమ్మిది రోజులు. అంతవరకు పగలు పిల్లని ఆస్పత్రి ఆవరణలో ఉన్న మా ఇంట్లో ఉంచడానికి కులంబరు ఒప్పుకున్నాడు, ఆ తరవాత ఒక్క పూట కూడా అక్కడ లైన్ల పిల్ల కనపడకూడదన్నాడు. నాకు జాలివేసి తీసుకున్నానని తరవాత లైన్లలో చెప్పుకున్నారు. జాలి కాదు. వాదనలో ఓడిపోకూడదని తీసుకున్నాను.

ఇక ఆ పిల్ల సంగతి. అది చెరుకుముక్క నమిలితే పిప్పిని నేల మీద ఉమ్మేది కాదు. అంత మర్యాద తక్కువది కాదు. నా దగ్గరకి నడిచివచ్చి, నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, అరచేతిలో ఉమ్మేది. ముక్కులో వేలు పెట్టి దొరికినదాన్ని ముందు తను రుచి చూసి, బాగుంటే నా నోటికి అందించేది. దొడ్డికి ఒకచోట కూర్చోదు. నడుస్తూనే కానిస్తుంది, వెనక్కి తిరిగి చూసుకుని సంతోషిస్తుంది. మోకాలి మీద పక్కు గిల్లి దాచుకునేది. ఆ పక్కులు మా వెల్లసున్నం గోడ పగుళ్ళలో నాకు తరవాత దొరికాయి. నేను చదువుకుంటుంటే పక్కకి చేరి పుస్తకం మూల నోట్లో పెట్టుకుని చప్పరించేది. మద్రాసు నుంచి మోసుకొచ్చిన నా హైజీన్ పుస్తకానికి ఇప్పటికీ ఒక మూల లేదు.

నేను కొట్టలేదు. మంచితనం వల్ల కాదు, ముట్టుకోవాలంటే అసహ్యం వేసి.

మొదటిరోజు దాని చేతులకి గుడ్డసంచులు కట్టాను. మధ్యాహ్నానికి ముడులు కొరికేసింది. రెండోరోజు తమ్ముణ్ణి అడిగి క్వినైను పొడి తీసుకుని దాని వేళ్ళకి రాశాను. ఆ చేదుకి పెద్దవాళ్ళకే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. అది ఒక వేలు నాకింది. మొహం ముడుచుకుంది. ఆలోచించింది. తక్కిన నాలుగూ నాకి, రెండో చెయ్యి నా ముందు చాపింది, దీనికీ రాయమని. తమ్ముడు నవ్వాడు. వాడికి ఆరోజు కూర వడ్డించలేదు.

కడుపునిండా తిండి పెడితే మట్టి మీదకి బుద్ధి పోదని పుస్తకంలో ఉంది. పెట్టాను. పప్పన్నం మా తమ్ముడి కంటే ఎక్కువ తిన్నది. తిన్నాక పెరట్లోకి పోయి కరివేపాకు చెట్టు కింద కూర్చుంది. నేను వెనకే వెళ్ళాను. చిటికెడు మట్టి తీసుకుని నాలుక మీద వేసుకుంది. కాసేపు నోట్లో అటూ ఇటూ తిప్పింది. తిప్పి, సరిగ్గా నా కాలి మీద ఉమ్మేసి, నా మొహం వైపు చూసింది. అలాంటి చూపు పూటకూళ్ళింట్లో భోజనం బాగాలేనప్పుడు పెద్దమనుషులు చూస్తారు.

కాలు కడుక్కున్నానన్న మాటేగాని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. శాస్త్రం పనిచేసిందనుకున్నాను. మూడోరోజు, నాలుగోరోజు మా పెరటి మట్టి జోలికి పోలేదు. కానీ పొద్దున్నే తల్లి తెచ్చి దింపేసరికి దాని పళ్ళు నల్లగా ఉండేవి, సాయంత్రం నేను కడిగి పంపిన నోరు. రాత్రిపూట నువ్వు చూసుకోవడం లేదని తల్లిని తిట్టాను. "సూత్తన్నానమ్మా" అనేది. ఆ పైన ఎంత తిట్టినా ఇంకోమాట లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. సాయంత్రం తల్లి రాగానే పిల్ల దాని మొహం వైపు చూసేది కాదు, చెయ్యి చాపేది కాదు. తిన్నగా వెళ్ళి నడుం దగ్గర రొంటిన ముక్కు పెట్టి వాసన చూసేది. తల్లి పక్కకి తిరిగిపోయేది. పొగాకు దోపుకుందేమో అనుకున్నాను. పొగాకు తినే ఆడవాళ్ళు మాకు కొత్తకాదు.

ఐదోరోజు తల్లి పిల్లని తీసుకుపోయిన కాసేపటికి, పొద్దువాలకముందే చెప్పకుండా లైన్లకి వెళ్ళాను. ఆ మనిషి టాస్కు నుంచి వచ్చి, కాళ్ళకి బురద కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. రొంటిన దోపిన చిన్న మూట విప్పింది. ఇత్తడిగ్లాసులో నీళ్ళు, అందులో మూటలోంచి చిటికెడు నల్లమట్టి. వేలితో కలిపింది. పిల్ల గ్లాసు రెండుచేతులా పట్టుకుని ఊపిరి తీసుకోకుండా తాగింది. తాగి, అడుగున మిగిలిన బురద వేలితో తుడిచి తుడిచి నాకింది. పాయసం తిన్నవాళ్ళు కూడా గిన్నె అంత శుభ్రంగా నాకరు.

నేను తిట్టడం మరిచిపోయి, గ్లాసు లాక్కుని వాసన చూశాను. తిట్టడం మరవడం నా జీవితంలో చాలా అరుదు.

"ఏమిటే అది?" అన్నాను.

"మావూరి మన్నమ్మా" అంది.

బయల్దేరేటప్పుడు వాళ్ళింటి గుమ్మం ముందు మట్టి మూడు గుప్పిళ్ళు మూటకట్టుకుందట. కొత్త ఊరి నీళ్ళు పడకపోతే సొంత ఊరి మట్టి చిటికెడు కలిపి తాగితే పడతాయని వాళ్ళ వైపు నమ్మకం. ఓడలో తను తాగింది. ఇక్కడికొచ్చాక తాగింది. ఇంతవరకూ వింత ఏమీ లేదు, మాలోనూ అలాంటివాళ్ళున్నారు. మరి పిల్ల ఇక్కడే పుట్టింది కదా, ఇక్కడి నీళ్ళు దానికి కొత్తేమిటి అని అడిగాను. నేను తెలివితక్కువదాన్నన్నట్టు చూసింది.

"అందుకే కదమ్మా. ఇది ఈడ పుట్టినాది. ఈ నీల్లే ఒంటికి పట్టేసినాయనుకో, రేపు మావూరెల్తే ఆ నీల్లు పడవు. అక్కడికెల్లి సచ్చిపోద్ది. ఇప్పట్నించే అలవాటు సేత్తన్నాను."

గిర్మిట్ ఇంకా ఏడాదిన్నర ఉంది. అది తీరినా ఊరికే ఓడెక్కించరు, ఉచితంగా పంపాలంటే ఇంకో ఐదేళ్ళు ఇక్కడ ఉండాలి. అప్పటి నీళ్ళ కోసం ఇప్పటినుంచి మట్టి. సరే, మూడు గుప్పిళ్ళ మట్టి ఇన్నేళ్ళు ఎలా వచ్చిందే అన్నాను.

"అయిపోతంటే తోడెట్టినానమ్మా" అంది.

వినేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను, నాకే అర్థం కావడానికి కాసేపు పట్టింది. మూట సగానికి వచ్చినప్పుడల్లా ఈ మనిషి ఇక్కడి మట్టి తెచ్చి అందులో పోసి, కలిపి, మూతికట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచేది. పాలల్లో పెరుగుచుక్క వేసినట్టు. పొద్దున్నకి అదంతా వాళ్ళ ఊరి మట్టి అయిపోయేది. అలా ఎన్నిసార్లు తోడుపెట్టిందో తనకే గుర్తులేదు. ఇక్కడి మట్టి ఎక్కడిది అని అడిగాను. లైన్ల వెనక మురుక్కాలవ గట్టుదట. అక్కడి మన్నే నల్లగా, జిగటగా, వాళ్ళ ఊరి మన్నులా ఉంటుందట.

మురుక్కాలవ గట్టు. లైన్లలో మూడొందలమంది పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళేది అక్కడికే.

నేను వాదించాను. నిలబడి వాదించాను, తరవాత కూర్చుని వాదించాను. మట్టి పాలు కాదు, అది తోడుకోదు, నువ్వు పిల్లకి పోసేది ఊళ్ళోవాళ్ళ మలం, అందులో కంటికి కనపడని పురుగులుంటాయి, ఆ పొట్ట వాటిదే, ఆ పాలిపోవడం వాటిదే అన్నాను. కంటికి కనపడనివి నీకెలా కనపడ్డాయమ్మా అన్నట్టు నవ్వింది. పైగా తను అడిగింది. కల్లు తోడు తీసుకుంటాది, అట్లపిండి తీసుకుంటాది, మన్ను ఒక్కటే తీసుకోదని మీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసి ఉందా అని.

గుర్తుచేసుకున్నాను. మట్టి తోడుకోదని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. రాసినవాళ్ళకి ఇలాంటి మనిషి ఒకత్తి ఉంటుందని తోచలేదు.

ఇంటికొచ్చి ఆ కోపంలోనే పాలు కాచాను, ఆ కోపంలోనే తోడుపెట్టాను. పొద్దున్న తమ్ముడు ఒక ముద్ద తిని విస్తరి పక్కకి జరిపాడు. "అక్కా, పుల్లగా ఉంది. తోడు ఎక్కువ వేసినట్టున్నావు" అన్నాడు. నేను కూడా రుచి చూశాను. నిజమే, నోట్లో పెట్టలేకపోయాను. పారబోయడానికి వెళుతూ మధ్యలో ఆగిపోయాను.

ఆ మనిషి పిల్లని దింపడానికి వచ్చింది. దింపి వెళ్ళబోతుంటే ఉండమన్నాను.

"పాలకి తోడు ఎన్నిసార్లు వేస్తారే?"

"ఒక్కసారేనమ్మా."

"రోజూ వేస్తే?"

"పులిసిపోద్ది."

"మరి దీనికి?"

పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ఎప్పుడో ఒక్కసారి వేస్తే తోడుకునేది. ఇది పుట్టినప్పట్నుంచీ నువ్వు రోజూ వేశావు. చూడు దాని మొహం" అన్నాను.

చూసింది. రోజూ చూసే మొహమే, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. తుప్పు జుట్టు చూసింది. పాలిపోయిన కనురెప్ప కిందకి లాగి చూసింది. ఉబ్బిన పొట్ట మీద చెయ్యివేసింది. పులిసిన పిండి కూడా అలాగే ఉబ్బుతుంది కదా. నేను ఆ మాట అనలేదు, అనవలసిన అవసరం లేకపోయింది.

రొంటినుంచి మూట తీసి మా వరండా గట్టు మీద పెట్టింది. నా దగ్గరుంటే దీనికి వాసన తగులుద్ది, మీ ఇంట్లో ఉంచండమ్మా అంది. పనికి వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం నేను చెప్పినవన్నీ నిజాలు. ఒక్కటీ పనిచెయ్యలేదు. ఈరోజు చెప్పింది పచ్చి అబద్ధం, అది కూడా చదువుకోనివాళ్ళ అబద్ధం. నిమిషంలో పనిచేసింది. చదువుకి గౌరవం లేదని కాదు. ఆరోజు నాకు నా మీదా, ఆ మనిషి మీదా సమానంగా చిరాకు వేసింది.

తమ్ముడు పిల్లకి కడుపులో పురుగులు పడిపోయే మందు పోశాడు. ఆ రెండు రోజులూ మా పెరట్లో జరిగినదాన్ని నేను వర్ణించను. ఎన్ని పడ్డాయో చెప్పబోతే వాడి నోరు మూయించాను. మట్టి అందక పిల్ల రాక్షసిలా తయారైంది. అన్నం మొహాన ఊసింది. ఒకసారి నేను ఎత్తుకోబోతే బొటనవేలి కింద కరిచింది, ఆ పంటిగాట్లు ఇప్పటికీ ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం, అంటే డాక్టరు రావడానికి ఒకరోజు ముందు, నేను పొయ్యి ఊదుతుండగా మాయమైంది. నాకు తెలుసు ఎక్కడికో. చెప్పులు కూడా వేసుకోకుండా లైన్ల మధ్యలోంచి పరిగెత్తాను. నా లావు మనిషి పరిగెడుతుంటే పనికి పోని జ్వరం మనుషులు కూడా లేచి కూర్చుని చూశారు. మురుక్కాలవ గట్టున పిడికిలి నిండా మట్టితో దొరికింది, నోటిదాకా పోలేదు. ఒక్కొక్క వేలూ విప్పి దులిపాను. అది ఏడ్చినంత ఏడుపు నేను నా మొగుడు పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఆయన్ని నేను ఎరగను గనక. చేతులు కడగడానికి తెస్తుంటే దారిపొడుగునా చీమిడి నా భుజం మీద కార్చింది.

బుధవారం డాక్టరు రేకుల కొట్టుకి వచ్చాడు. తమ్ముడు, సర్దారు, ముసలావిడ, నేను. పిల్లని మధ్యలో దింపాను. తల్లి లేదు, పొలంలో ఉంది, రాకూడదు. డాక్టరు పిల్ల నాలుక చూశాడు, కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు. తమ్ముడు రాసిపెట్టిన కాగితం చూశాడు. వదిలెయ్యగానే పిల్ల చతికిలబడి నేల మీద చిటికెడు మట్టి తీసింది.

సర్దారు నా వైపు చూశాడు. వాడి మీసం కింద నవ్వు మొదలవడం నాకు కనిపించింది.

పిల్ల మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. అది దాని మట్టి కాదు. చెయ్యి దులిపేసి, మిగిలినదాన్ని డాక్టరుగారి తెల్ల పంట్లానికి శుభ్రంగా రాసి తుడుచుకుంది.

డాక్టరు బాగానే ఉందన్నాడు, ఉంచుకోవచ్చన్నాడు. పంట్లాం గురించి అన్న మాట నేను ఎవరికీ తర్జుమా చెయ్యలేదు. ముసలావిడ పిల్లని రెక్కపట్టుకుని లోపల కూర్చోబెట్టింది. ఎట్లా మానిపించారమ్మా అని సర్దారు అడిగాడు. శాస్త్రప్రకారం అన్నాను.

సాయంత్రం ఆ మనిషి టాస్కు ముగించుకుని, కొలిపించుకుని, తిన్నగా మా ఇంటికి వచ్చింది. పిల్లని ఉంచుకున్నారని, ఇక జైలు లేదని చెప్పాను. దణ్ణం పెట్టలేదు, మీరు చల్లగా ఉండాలి అనలేదు. అవేమీ నాకు అక్కర్లేదు గాని, అనకపోతే మాత్రం తెలుస్తుంది.

"పిల్ల పులుపూ, ఆ మన్ను పులుపూ ఎప్పటికి దిగుద్దమ్మా?" అంది.

ఒకసారి మొదలెట్టిన అబద్ధంతో సంసారం చెయ్యక తప్పదు. "నీ గిర్మిట్ తీరేలోగా దిగుతుంది" అన్నాను.

మూట మూడు రోజులు నా పుస్తకాల అరలో ఉంది. మూడో రోజు కంపు మొదలైంది. నాలుగోరోజు పట్టుకెళ్ళి ఏటిలో కలిపేశాను. గుడ్డ కూడా పారేశాను. విచారమేమీ లేదు. మురుక్కాలవ మట్టిని హైజీన్ పుస్తకం పక్కన ఎవరు దాచుకుంటారు?

ఏడాదిన్నర తరవాత, మూట సంగతి నేను పూర్తిగా మరిచిపోయాక, ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది. గిర్మిట్ తీరిందట. తనతో ఓడలో వచ్చినవాళ్ళు పక్క దీవిలో రాకిరాకి వైపు, పెనాంగ్ అనే పేరున్న చెరుకుమిల్లు దగ్గర భూమి చెక్క కౌలుకి తీసుకున్నారట. మొగుడూ తనూ అక్కడికి పోతున్నారట. స్టీమరు మధ్యాహ్నానికట.

"మా మూట ఇయ్యండమ్మా" అంది.

నేను లోపలికి వెళ్ళాను. పారబోశానే అని చెప్పడానికే తిరిగి వచ్చి ఉండవలసింది. మొహం మీద ఎంతమాటైనా అనగలదాన్ననే పేరు నాకుంది. కాని నేను పెరటి తలుపు తీసుకుని వెళ్ళి, కరివేపాకు చెట్టు కింద మూడు గుప్పిళ్ళు తవ్వి, తమ్ముడి పాత పంచె చించి మూటకట్టి తెచ్చాను. పాత గుడ్డ చెదలు తినేసిందని చెప్పాను.

విప్పింది. నేను ద్వారబంధం పట్టుకుని నిలుచున్నాను. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"పులుపు దిగిపోనాదమ్మా" అంది. "మా గుమ్మం మన్నే."

నాలుగేళ్ళ పిల్ల పక్కనే ఉంది. జుట్టు నల్లబడింది, పొట్ట తగ్గింది, కాళ్ళు నిలబడ్డాయి. తల్లి ఇంకో చిటికెడు తీసి దాని నోట్లో వేసింది. పిల్ల కాసేపు నోట్లో అటూ ఇటూ తిప్పింది. తిప్పి, సరిగ్గా నా కాలి మీద ఉమ్మేసి, నా మొహం వైపు చూసింది.

తల్లి నవ్వి, దీనికి అలవాటు తప్పిపోనాదంది. కొంగుతో నా కాలు తుడిచి, మూట రొంటిన దోపుకుంది. పిల్ల మలుపు దాకా వెనక్కి తిరిగి నన్ను చూస్తూనే వెళ్ళింది. ముక్కు మాత్రం అప్పటికీ కారుతూనే ఉంది.